పాట మళ్ల ఊరికొస్తదా?

తెలంగాణంలో కవులు లేరనే అర్థం వచ్చేటట్టు ఒకప్పుడు ఒక పండితుడు రాశారు. ఆ మాట సురవరం ప్రతాపరెడ్డి గారికి గట్టిగా తగిలింది. ఆయన స్వగ్రామం మన గద్వాల ప్రాంతంలోని ఇటిక్యాలపాడు. 1926లో గోలకొండ పత్రిక పెట్టి నడుపుతున్న మనిషి. కోపమొస్తే ఒక సంపాదకీయం రాసి ఊరుకోవచ్చును. కాని ఆయన ఊరూరి కవులకు కబురు పెట్టి, పద్యాలు తెప్పించి, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చువేశారు. అందులో 354 మంది కవులున్నారు. ఇక వాదించడానికి ఏముంటుంది?

ఆ పుస్తకంలో నన్ను ఆకట్టుకునేది సంఖ్య ఒక్కటే కాదు. పద్యం వెంట కవి పేరు, ఊరు ఉండడం. ‘మా దగ్గర కూడా మస్తుమంది కవులున్నారు’ అని ఊరికే అంటే ఎవరు నమ్ముతారు? ఫలానా ఊరి ఫలానా ఆయన అన్నప్పుడు కాదనడానికి నోరు రాదు. పేరుకు ఉన్న బలం అది. ఆ ప్రతాపరెడ్డి గారినే 1952లో వనపర్తి ప్రజలు శాసనసభకు పంపుకున్నారు. ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు 1955లో, తెలుగులో మొట్టమొదటిసారిగా, కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అప్పటికి ఆయన లేరు. పేరు మాత్రం నిలిచింది.

ఐతే మిత్రులారా, 1934 నాటి ఆ లెక్క రాత నేర్చినవాళ్ల లెక్క. కబురందుకుని, పద్యం రాసి, పంపగలిగినవాళ్ల లెక్క. కిన్నెర మెట్ల మీద కథ నడిపేవాడు, ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లాయన, నాట్లు వేస్తూ వంగిన నడుముతోనే పాటందుకునే అవ్వ ఆ లెక్కలోకి రాలేదు. వాళ్ల లెక్క ఇప్పుడు జరుగుతున్నది. పుస్తకాల్లో కాదు, సెల్‌ఫోన్లలో. జాతరకు పోయిన ప్రతివాడి జేబులోనూ ఒక రికార్డింగు యంత్రం ఉన్నది. పాట నెట్‌లో అందరికీ తెరిచి పెట్టాలా, ఆర్కైవులో దాచి తాళం వేయాలా, దాని మీద హక్కు పాడినవాడిదా, పట్టుకున్నవాడిదా, కులానిదా, ఊరిదా? ఢిల్లీ నుంచి జెనీవా దాకా పెద్దలు సెమినార్లు పెట్టి తర్జనభర్జన పడుతున్నది దీని మీదనే. నేను పండితుణ్ణి కాను, ఎం.ఏ. తెలుగు రెండో సంవత్సరం విద్యార్థిని. నాకు తెలిసిందల్లా నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల మధ్య బస్సుల్లో తిరిగి, ప్రాజెక్టు పని మీద పోగుచేసుకొచ్చిన కొన్ని పాటల సంగతి. అది చెబుతాను.

ఈ పని మన దగ్గర కొత్తదేమీ కాదు. బిరుదురాజు రామరాజు గారు 1950లలోనే జానపద గేయాల మీద ఉస్మానియాలో పరిశోధన చేసి డాక్టరేటు పుచ్చుకున్నారు. మన నాగర్‌కర్నూలు కపిలవాయి లింగమూర్తి గారు, 2018లో కన్నుమూసేదాకా, ఈ జిల్లా గుళ్ల చరిత్రలు, ఊళ్ల కథలు తవ్వి పోస్తూనే ఉన్నారు. వాళ్ల ముందు మా పని ఏపాటిది? ఐనా మాకు వాళ్లకు లేని ఒక సులువున్నది. ఫోను తీసి ఎర్రచుక్క నొక్కితే చాలు. ఆ సులువు చూసే కాబోలు, బయలుదేరే ముందు మా లెక్చరర్ గారు ఒక షరతు పెట్టారు. ప్రతి పాటకు నోటుపుస్తకంలో ఒక పేజీ. పాడినవారి పేరు, ఊరు, రోజు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎవరెవరికి వినిపించవచ్చునన్నారు. ఈ ఐదూ లేకుండా తెచ్చిన పాటకు మార్కులు లేవు. ఆ రోజు మేమందరం లోపల్లోపల గొణుక్కున్నాము. పాట కన్నా పేజీ నింపడానికే ఎక్కువసేపు పట్టేది మరి.

ఆ పేజీ ఎందుకో నాకు తెలిసివచ్చింది కృష్ణ ఒడ్డున ఒక ఊళ్లో. శారద పట్టి కథ చెప్పే తాత ఒకాయన ఉండేవాడు. పక్కన ఇంటామె వంతపాడేది. పండుగ సాయన్న కథ చెప్పమని అడిగితే గొంతు సవరించుకుని కూర్చున్నాడు. నలభై ఒక్క నిమిషాలు చెప్పి ఆపేశాడు. మిగిలింది రాత్రిపూట చెప్పవలసిన కథట, పగలు చెప్పకూడదట. నేను ఫోను జేబులో పెట్టుకోబోతుంటే అడిగాడు: “ఏం బిడ్డా, ఈ ఫోన్ల పడ్డ పాట మళ్ల మా ఊరికొస్తదా?”

“వస్తది తాతా, వచ్చేటప్పుడు పట్టుకొస్త” అన్నాను.

“మొన్న జాతరల గూడ ఎవడో పిలగాడు గిట్లనే పట్టుకపోయిండు. పేరు గూడ అడగలే” అన్నాడు. కోపంగా అనలేదు. ఎండలు బాగున్నవి అన్నంత మామూలుగా అన్నాడు.

ఆ జాతర పిలగాడి వీడియో తర్వాత నాకు కనిపించింది. ఒక యూట్యూబ్ చానెల్లో ఉన్నది, పేరెందుకు లెండి. నలభై నిమిషాల కథలోంచి నిమిషంన్నర ముక్క కోసి, కింద డీజే దరువు అతికించి, ‘తెలంగాణ జానపదం’ అని పేరు పెట్టారు. తాత పేరు లేదు, ఊరు లేదు, ఏ కథో కూడా లేదు. చూసినవాళ్లు మాత్రం వేలల్లో ఉన్నారు. ముందు ఒక సబ్బు ప్రకటన, వెనుక ఇంకో ప్రకటన.

వానాకాలంలో తాత పోయాడు. పుణెలో మేస్త్రీ పని చేసే ఆయన కొడుకు దినాలకు వచ్చి, ఎవరో చెప్పగా నాకు ఫోను చేశాడు. “మా నాయిన మాట ఉన్నదంట గదా తమ్మీ నీ దగ్గర” అన్నాడు. మన పాలమూరు లేబరు సంగతి మీకు తెలియనిది కాదు. ఆ అన్న పదేళ్లుగా తండ్రి కథ పూర్తిగా వినలేదట. చానెల్ వీడియో అప్పటికే చూశాడు. అది మా నాయినదే అని కింద రాస్తే ఎవరూ జవాబివ్వలేదట. నేను పెన్‌డ్రైవు తీసుకుని పోయాను. నోటుపుస్తకంలో ఆ పేజీ కూడా చూపించాను. తండ్రి ఈ కథ ఎవరి దగ్గర నేర్చుకున్నాడో అందులో ఉన్నది. ఆ గురువు పేరు కొడుక్కు తెలియదు. ఆ పేజీకి ఫోటో తీసుకున్నాడు.

ఈ సంగతి హాస్టల్లో చెబితే మా రూమ్మేటు ఒక ప్రశ్న వేశాడు. “పేరు లేకపోతే ఏమైందిరా, పాటైతే బతికింది గదా! వేలమంది విన్నారు. నీ నోటుబుక్కు ఎవడు చూస్తాడు?” కొట్టిపారేయదగిన ప్రశ్న కాదది. నెట్ చేసిన మేలు కాదనలేము. మన నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య గారి సంగతే చూడండి. పన్నెండు మెట్ల కిన్నెర అంటే నేడు రాష్ట్రంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వెదురు దండె, దానికింద ఆనపకాయ బుర్రలు, పైన మెట్లు. ఆ మెట్లు పూర్వం అలుగు పొలుసులతో చేసి తేనెమైనంతో అతికించేవారు. అలుగును 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడుతున్నది గనుక ఆ పొలుసు కోసం ఇప్పుడు అడవికి పోవడానికి లేదు. ఇట్లాంటి వాద్యం 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాట మొదట్లో ఆయన గొంతుతో వినిపించగానే దేశాలు దాటింది. 2022 జనవరిలో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది.

కాని దాని ముందూ వెనుకా కూడా చూడాలి. సినిమా రాకముందే ఆయన కిన్నెర ఎనిమిదో తరగతి పాఠ్యపుస్తకంలో పాఠమైంది. పిల్లలు ఆయన గురించి చదువుకుని పరీక్షలు రాస్తున్న రోజుల్లో ఆయన పూట గడవక చేయి చాపవలసి వచ్చిందని పత్రికలు రాసినవి. పద్మశ్రీ వచ్చిన తర్వాత, 2024 మే నెలలో, హైదరాబాదు శివారులో కట్టడం పని దగ్గర ఆయన కూలి చేస్తున్న వీడియో దేశమంతా తిరిగింది. పాట బతకడమూ పాడేవాడు బతకడమూ ఒకటే ననుకునేవాళ్లు ఈ రెండు సంగతులు పక్కపక్కన పెట్టుకుని చూడాలి. మొగులయ్య గారికి పేరన్నా దక్కింది. ఆ పేరున్నది గనుకనే కూలి చేస్తున్నాడంటే నలుగురు అడిగారు. పేరే లేని మా తాత గురించి అడిగేదెవరు?

మరి చట్టం ఏమంటుందని మా కాలేజీ లైబ్రరీలో కూర్చుని చూశాను. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. పాడేవాళ్లకు, ఆడేవాళ్లకు దానిలో ప్రత్యేక హక్కు 1994 సవరణతో వచ్చింది. ‘ప్రదర్శకుడు’ అంటే ఎవరో చెబుతూ నటుడు, గాయకుడు, వాద్యకారుడు, నర్తకుడు అని చెప్పి, గారడీవాణ్ణి, పాములాడించేవాణ్ణి కూడా లెక్కలో చేర్చారు. అది చదివి నాకెంత సంతోషమైందో! అంటే ఆ శాసనం రాసినవాళ్లు రోడ్డు పక్క ఆటను కూడా చూసినవాళ్లే నన్నమాట. ప్రదర్శకుడి అనుమతి లేకుండా ఆయన పాట రికార్డు చేసి జనంలోకి వదలకూడదు. ఆ హక్కు 50 ఏళ్లుంటుంది. 2012 సవరణ ఇంకో మాట చేర్చింది. పాడింది తానేనని పేరు వేయించుకునే హక్కు, తన పాటను పాడుచేసి పరువు తీస్తే అడ్డుకునే హక్కు ప్రదర్శకుడిదే. చదువు కోసం, నిజమైన పరిశోధన కోసం చేసుకునే రికార్డింగుకు మాత్రం మినహాయింపున్నది. మన ప్రాజెక్టులు ఆ నీడలోనే నడుస్తున్నవి. కాని ప్రాజెక్టు పేరుతో పట్టుకొచ్చిన పాటను రేపు ప్రకటనలున్న చానెల్లోకి ఎక్కిస్తే ఆ నీడ మన మీద ఉండదు. ఈ తేడా మన విద్యార్థులలో చాలామందికి తెలియదు.

ఇదంతా పాడిన మనిషికి. మరి పాటకో? పండుగ సాయన్న కథ ఎవరు కట్టారు? ఒకరు కాదు. ఏ శారదకాండ్ల తాతలో, ఏ డక్కలి కిన్నెరవాళ్లో, తలా ఒక చరణం వేస్తూ వచ్చారు. కర్త లేడు గనుక చట్టం దృష్టిలో అది ఎవరిదీ కాదు, అందరిదీ. కావలసినవాడు తీసుకోవచ్చును. మన గద్వాల చీరతో పోల్చి చూడండి. నూలు ఒడలు, పట్టు అంచు, ఆ రెంటినీ కలిపే పనితనం. అదీ ఒక్కరు కనిపెట్టింది కాదు. ఐనా 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం కింద గద్వాల చీరకు గుర్తింపున్నది. ఎక్కడో నేసి గద్వాల చీరని అమ్మితే అడగవచ్చు. గద్వాల పాటకు అటువంటి ముద్ర లేదు. ప్రపంచంలో ఎక్కడా సరిగ్గా లేదు. యునెస్కో, ప్రపంచ మేధోసంపత్తి సంస్థ కలిసి 1982లోనే జానపద కళల రక్షణకు నమూనా సూత్రాలు రాసినవి. ఆ సంస్థ కమిటీ 2001 నుంచి జెనీవాలో కూర్చుని చర్చిస్తూనే ఉన్నది. 2024 మేలో ఒక ఒప్పందం కుదిరింది. అది మొక్కలు, విత్తనాలవంటి జన్యువనరులకు, వాటి గురించి జనానికున్న జ్ఞానానికి సంబంధించింది. పాట వంతు ఇంకా రాలేదు.

వంతు రాకపోతే ఏమవుతుందో ఒక కథ ఉన్నది. పసిఫిక్ సముద్రంలో సోలమన్ దీవులున్నవి. అక్కడ మలైటా అనే దీవిలో 1970లో హ్యూగో జెంప్ అనే పరిశోధకుడు ఒక జోలపాట రికార్డు చేశాడు. పాడిన ఆమె పేరు అఫునక్వా. ఆ పాట యునెస్కో వారి గ్రామఫోను రికార్డులో వచ్చింది. 1992లో ‘డీప్ ఫారెస్ట్’ అనే ఫ్రెంచి బృందం ఆ గొంతును తీసుకుని, దరువు జోడించి, లోకమంతా అమ్మింది. వ్యాపార ప్రకటనల్లోకి కూడా పోయింది. అఫునక్వాకు పేరు రాలేదు, పైసా రాలేదు. 1996లో ఇంకో పాశ్చాత్య సంగీతకారుడు అదే వరస వాయించి, ఏకంగా ఆఫ్రికా పిగ్మీల జోలపాటని పేరు పెట్టాడు. పసిఫిక్ ఎక్కడ, ఆఫ్రికా ఎక్కడ! జెంప్ నిరసన తెలుపుతూ వ్యాసం రాశాడు. ఆయన ఆనాడు పేరు రాసుకున్నాడు గనుకనే ఈ రోజు పాలమూరు జిల్లా విద్యార్థినైన నేను ఆ తల్లి పేరు చెప్పగలుగుతున్నాను. మా తాత నిమిషంన్నర ముక్కకూ అఫునక్వా జోలకూ దూరమెంత చెప్పండి? నడుమ ఉన్నది సముద్రమే.

ఈ కథ విని కొందరు, ‘అసలు బయటివాళ్లను రానివ్వవద్దు, ఏదీ పట్టనివ్వవద్దు’ అంటారు. నాకది సరి అనిపించదు. మన అమ్రాబాదు పీఠభూమి చెంచుల గురించి హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త 1943లో పుస్తకం అచ్చువేశాడు. ఆయన తీసిన ఫోటోలు లండను విశ్వవిద్యాలయపు ప్రాచ్య విద్యల కళాశాలలో ఉన్నవి. ఆయన రాకపోతే ఎనభై ఏళ్ల కిందటి ఆ ముఖాలు మనకు కనిపించేవి కావు. తీసుకుపోవడం తప్పు కాదు. తీసుకుపోయింది తిరిగి రావాలి. లండనులో ఉన్న ఫోటో మన్ననూరు చెంచు పిల్లల బడికి చేరాలి. 2003 నాటి యునెస్కో ఒడంబడిక చెప్పేదీ ఇటువంటిదే. జీవించి ఉన్న కళను కాపాడే పనిలో ఆ కళ గలవాళ్లు భాగస్వాములు కావాలని అందులో ఉన్నది. 2005లో మన దేశం దాన్ని ఆమోదించింది. 1982 నుంచి పనిచేస్తున్న గుర్గావ్ సంగీత ఆర్కైవులో, రికార్డింగు ఇచ్చే పరిశోధకులు అది ఎవరు వినవచ్చో, ఎట్లా వాడుకోవచ్చో షరతులు పెట్టుకోవచ్చును. తెరవడానికీ తాళం వేయడానికీ మధ్య దారి ఉన్నదన్నమాట. రాత్రిపూటే చెప్పవలసిన కథ రాత్రిపూటే అని రాసిపెట్టే దారి.

ఢిల్లీలో, జెనీవాలో ఎప్పుడేమి తేలుతుందో అది పెద్దల పని. మన చేతిలో ఉన్న పని కోసం ఎవరినీ అడగనక్కరలేదు. తెలుగు, చరిత్ర, సమాజశాస్త్రం, జర్నలిజం విద్యార్థులు ఏడాదికి ఎన్ని ఊళ్లు తిరుగుతున్నారు! ఎన్ని పాటలు తెస్తున్నారు! మార్కులు పడగానే అవి ఏమవుతున్నవి? ఫోను మార్చినప్పుడు పోతున్నవి. కొన్ని రీల్స్ అవుతున్నవి. అందుకే విద్యార్థి సంఘం వారికి ఈ సంచిక ద్వారా ఒక మనవి. గ్రంథాలయంలో ఒక హార్డు డిస్కు, దాని పక్కన ఒక లావుపాటి రిజిస్టరు పెట్టించండి. మా లెక్చరర్ గారి ఐదు గడులకు ఇంకో గడి చేర్చండి: ‘ఊరికి కాపీ చేరిన తేదీ’. ఆ గడి నిండకుండా ప్రాజెక్టు పూర్తయినట్టు సంతకం చేయవద్దని అధ్యాపకులకు మా విన్నపం. కాపీ పంచాయతీ ఆఫీసులో ఇస్తారో, బడిలో ఇస్తారో, పాడినవారి మనవడి ఫోనులోకే ఎక్కిస్తారో ఆ ఊరివాళ్లే చెబుతారు. ఎవరైనా సినిమా కోసమో, చానెల్ కోసమో ఒక పాట అడిగితే రిజిస్టరు తీసి, పాడినవారి చిరునామాకు పంపండి. బేరమేదో వాళ్లే చేసుకుంటారు. వాళ్లకు బేరం చేయడం రాదనుకుంటే మన అమాయకత్వమే.

ఇప్పటికే పైచదువులకు, ఉద్యోగాలకు పోయిన పూర్వ విద్యార్థులకు కూడా ఒక మాట. మీ పాత ప్రాజెక్టుల క్యాసెట్లు, సీడీలు అటకల మీద ఉండే ఉంటవి. పాడినవారి పేరు మీకు ఇంకా జ్ఞాపకమున్నప్పుడే వాటి మీద రాసి పంపండి. క్యాసెట్టు అరిగినా నాలుగు మాటలన్నా వినిపించవచ్చును. జ్ఞాపకం అరిగితే ఏ యంత్రమూ చదవలేదు. వచ్చే ఎండకాలం సెలవులకు ఊళ్లకు పోయే తమ్ముళ్లు, చెల్లెళ్లు దూరం పోనక్కరలేదు. మీ ఇంట్లోనే అవ్వను కూర్చోబెట్టి, ముందు అడిగి, తర్వాత ఎర్రచుక్క నొక్కండి. రిజిస్టరులో మొదటి పేజీ ఇంకా ఖాళీగానే ఉన్నది.